‘మందు నమ్మఁగ వచ్చె నా మందుతోడ’: ఇందులో ‘నా’ ఏమిటి?

గోదారి గట్టు:
అందరికీ నమస్కారం. వారం రోజులుగా ఒక పద్యపాదం బుర్రలో తిరుగుతోంది. మిగతా మూడు పాదాలు ఎంత తన్నుకున్నా రావడం లేదు. మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ళ నాన్నగారు, బళ్ళో తెలుగు పంతులు. దీపావళికి పది రోజుల ముందు నుంచే అరుగు మీద కూర్చుని సూరేకారం, గంధకం, బొగ్గుపొడి కలిపి చిచ్చుబుడ్లు కూరేవారు. కూరుతూ కూరుతూ పద్యాలు చదివేవారు. అందులో ఒకటి ఇంగ్లీషువాళ్ళు చైనా మీద చేసిన నల్లమందు యుద్ధం గురించి. నాకు మిగిలింది ఇది ఒక్కటే:

మందు నమ్మఁగ వచ్చె నా మందుతోడ

తేటగీతి అని మాత్రం తెలుస్తోంది. ఎవరైనా రాసిందా, ఆయనే కట్టుకున్నారా తెలియదు. మీలో ఎవరైనా విన్నారా? ఇంకో డౌట్ కూడా ఉంది. ‘వచ్చె నా’ అన్నారా ‘వచ్చె నే’ అన్నారా అన్నది గట్టిగా చెప్పలేకపోతున్నాను. ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది, అడుగుదామంటే అమ్మ కూడా లేదు.

అరసున్న:
నేను వినలేదు. పాదం మాత్రం శుభ్రంగా ఉంది. హగణం, భగణం, రగణం, రెండు హగణాలు, యతి మకారానికి మకారమే. ‘నా’ అయితే వచ్చెన్ + ఆ, ‘నే’ అయితే వచ్చెన్ + ఏ. రెండూ గురువులే కాబట్టి ఛందస్సు మనకు ఏ సాయమూ చెయ్యదు. అర్థాన్ని బట్టి నేను ‘నా’ అంటాను. ‘ఏ మందుతో వచ్చాడు?’ అని అడిగితే తరవాతి పాదంలో జవాబు ఉండి తీరాలి, అప్పుడది పొడుపు పద్యం అవుతుంది. మీ తాతగారు పొడుపు పద్యాలు చెప్పేవారా అమ్మా?

గోదారి గట్టు:
చెప్పేవారు మాస్టారూ. అదే చిక్కు.

చిచ్చుబుడ్డి:
ఆయన చేతిలో ఏముందో చూడకుండా ‘ఆ’ గురించి మాట్లాడుకుంటున్నాం. సూరేకారం, గంధకం, బొగ్గు అంటే అచ్చంగా తుపాకిమందు. మొదటి మందు నల్లమందు, రెండో మందు మందుగుండు. నల్లమందు అమ్ముకోవడానికి మందుగుండుతో వచ్చాడు అని. ‘ఆ మందు’ అన్నప్పుడు ఆయన చేతిలో ఉన్నదాన్నే చూపించి ఉంటారు. పిల్లలకు చెప్పే పద్యంలో అంతకంటే మంచి ‘ఆ’ ఇంకెక్కడ దొరుకుతుంది? ‘నే’ అనే ప్రశ్నే లేదు.

వసారా:
చిచ్చుబుడ్డి గారూ, మందు అంటే ఆ రెండేనా? ‘మొగుడికి మందు పెట్టి లొంగదీసుకుంది’ అని మా పెద్దవాళ్ళు అనేవారు, ఆ మందు ఎక్కడికి పోయింది? ఒకసారి నోటికి తగిలితే మళ్ళీ వాడి గుమ్మం వదలడు, అదే కదా నల్లమందు చేసిన పని. నాకు రెండో మందు ఆ వశీకరణం మందులాగే వినిపిస్తోంది. ‘ఆ మందు’ అని కాస్త గొంతు తగ్గించి అంటారు చూడండి, ఆ ‘ఆ’.

పాతపేజీ:
రెండు వ్యాఖ్యానాలూ బాగున్నాయి. కానీ జరిగిన వరస చూడకుండా ‘వచ్చె’ అనే మాటను తేల్చలేం. తెల్లవాడు మొదట అమ్మడానికి రాలేదు, కొనడానికి వెళ్ళాడు. తేయాకు, పట్టు, పింగాణీ. 1757 నుంచి చైనా చక్రవర్తులు విదేశీ వర్తకమంతా గ్వాంగ్‌జౌ అనే ఒక్క రేవుకే కట్టడి చేశారు. మన పాత పుస్తకాల కాంటన్ అదే. తేయాకుకు బదులు చైనావాళ్ళు వెండి తప్ప ఇంకేదీ పెద్దగా అడగలేదు. 1793లో ఇంగ్లండు రాజు పంపిన మెకార్ట్నీ రాయబారం గడియారాలు, యంత్రాలు, బండ్ల కొద్దీ కానుకలు పట్టుకువెళ్తే, మా దగ్గర అన్నీ ఉన్నాయి, మీ వస్తువులతో మాకు పని లేదని ఛియెన్‌లుంగ్ చక్రవర్తి జవాబిచ్చి పంపేశాడు. వెండి ఇంగ్లండు దాటి పోతూనే ఉంది. ఆ లోటు పూడ్చింది నల్లమందు. 1773లో బెంగాల్ నల్లమందు మీద ఈస్టిండియా కంపెనీ గుత్తాధికారం తెచ్చుకుంది, 1797 నుంచి తయారీ కూడా తన చేతిలోకి తీసుకుంది. కానీ తన సొంత ఓడల్లో చైనాకు వెయ్యలేదు. కలకత్తాలో వేలంపాట పెట్టి ప్రైవేటు వర్తకులకు అమ్మేది. వాళ్ళు తీసుకెళ్ళి లింటిన్ ద్వీపం దగ్గర లంగరు వేసిన ఓడల్లో దింపితే, అక్కడి నుంచి దొంగసరుకుగా లోపలికి పోయేది. చైనాలో నల్లమందు మీద మొదటి నిషేధం 1729 నాటిదే మరి. 1820 ప్రాంతంలో ఏడాదికి సుమారు 5 వేల పెట్టెలు పోతే, 1838 నాటికి 40 వేలకు దగ్గరగా వచ్చింది. మందుగుండు వచ్చింది ఆ తరవాత. అందుకని చిచ్చుబుడ్డి గారి అర్థమే తీసుకుంటే ఈ పాదం ఇంగ్లీషు యుద్ధనౌకలు వచ్చిన 1840 గురించే, అంతకు ముందు ఏళ్ళ గురించి కాదు.

చార్మినార్ చాయ్:
మా దగ్గర ఉర్దూలో దారూ అంటే మందు, దారూ అంటే సారా, దారూ అంటే తుపాకిమందు కూడా. ‘దవాదారూ’ అన్నప్పుడు వైద్యం, ‘దారూగోలా’ అన్నప్పుడు మందుగుండు. మూడూ ఒక్క మాటలోనే. తెలుగు మందుకు కూడా అవే మూడు అర్థాలు. ఈ పంతులుగారికి ఉర్దూ వచ్చేదేమో అడుగుదామనుకున్నా. చదువుతుంటే దారూనే వినపడుతోంది నాకు.

గోదారి గట్టు:
ఉర్దూ రాదండీ ఆయనకు. సంస్కృతం, తెలుగు అంతే.

అరసున్న:
ఉర్దూ దాకా పోనక్కర్లేదు. 1852 నాటి బ్రౌణ్య నిఘంటువులోనే మందుకు ఔషధమనీ తుపాకిమందనీ రెండూ ఉన్నాయి. తమిళం వాళ్ళు వెడిమరుందు అంటారు, మలయాళంలో వెడిమరున్ను, కన్నడంలో మద్దు. దక్షిణాది భాషలన్నిటిలో ఉన్న అలవాటే ఇది. ఈ పంతులుగారు కొత్తగా శ్లేష పుట్టించలేదు, మన భాషలో పడి ఉన్న శ్లేషను వంగి ఏరుకున్నారు. ఇంకొకటి కూడా గమనించండి. నల్లమందుకు మనకు ‘అభిని’ అనే మాట ఉంది. అభిని అంటే మూడు లఘువులు, నగణం, ఆ చోట చక్కగా కూర్చుంటుంది. ‘అభిని నమ్మఁగ వచ్చె’ అని మొదలుపెట్టవచ్చు. పెడితే నాలుగో గణంలో మందుతో యతి చెడుతుంది. అంటే రెండో మందు ముందే ఆయన మనసులో ఉంది, దాని కోసమే మొదట్లో అభిని కాకుండా మందు వేశారు. కాబట్టి రెండో మందే ఈ పాదానికి ప్రాణం.

హాంకాంగ్ తెలుగు:
మాస్టారూ, దక్షిణాది అలవాటు అన్నారు కాబట్టి ఇది చెప్పాలనిపించింది. నేను పన్నెండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను. చైనీసులో తుపాకిమందును హువోయావ్ అంటారు. హువో అంటే నిప్పు, యావ్ అంటే మందు, జ్వరానికి వేసుకునే మందే. మందుగుండును కనిపెట్టిన వాళ్ళ భాషలో కూడా అది నిప్పుమందే. ఇక నల్లమందుకు యాపియెన్ అని ఒక పేరు ఉంది, అఫురోంగ్ అని పాత పేరు ఇంకొకటి. రెండో నల్లమందు యుద్ధం నడుస్తుండగానే, 1858లో దాన్ని సుంకం కట్టించుకుని చట్టబద్ధం చేసినప్పుడు, సుంకం కాగితాల్లో పెట్టిన పేరు యాంగ్‌యావ్. పరదేశి మందు అని అర్థం. విషమని అప్పటిదాకా నిషేధించినదాన్ని రాజముద్ర వేసి మందు అని రాయాల్సి వచ్చింది. తాతగారి పాదం చదవగానే నాకు అది గుర్తొచ్చి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

చిచ్చుబుడ్డి:
చూశారా! చైనీసులో కూడా నిప్పుమందు, పరదేశి మందు, రెండూ మందులే. తాతగారికి ఇది తెలుసంటారా?

హాంకాంగ్ తెలుగు:
తెలియకుండానే పడిందనుకుంటాను. తెలిసి రాసుంటే ఇంత తేలిగ్గా రాదు.

పత్తిచేను:
మీరంతా ‘నా’ దగ్గర ఆగిపోయారు. నాకు అంతకు ముందు మాటే మింగుడు పడటం లేదు. ‘మందు నమ్మఁగ’ అంటే మందున్ + అమ్మఁగ అనే ఎందుకు విడదియ్యాలి? మందు + నమ్మఁగ కూడా అవుతుంది కదా, జనం మందును నమ్మగా అని. మాది గుంటూరు జిల్లా, పత్తి పండించే ఊరు. మా దగ్గర మందు అంటే పురుగుమందు. కొట్టువాడు అరువిచ్చి అంటగట్టిన మందును నమ్మి కొట్టీ కొట్టీ, పంటా పోయి అప్పు మిగిలినవాళ్ళను చూసినవాణ్ణి. ఈ పాదం నాకు చూడగానే ‘నమ్మఁగ’ అనే వినిపించింది. అమ్మకం రెండోసారి చదివితే గానీ కనపడలేదు.

అరసున్న:
పత్తిచేను గారూ, వ్యాకరణం మీకు అడ్డు రాదు. జడపదం కాబట్టి ద్వితీయ చోట ప్రథమ రావచ్చు. మందు నమ్మఁగ అంటే మందును నమ్మగా అని తీసుకోవచ్చు. కానీ నమ్మినవాళ్ళు ఎవరో పాదంలో లేదు, వచ్చినవాడు మాత్రమే ఉన్నాడు. కర్త లేని నమ్మకం కాస్త ఇబ్బందే.

పత్తిచేను:
మిగతా మూడు పాదాలు లేవు కదా మాస్టారూ, కర్త అక్కడ ఉండొచ్చు.

అరసున్న:
ఒప్పుకుంటున్నాను.

వసారా:
నమ్మఁగ అంటే నా మాట కూడా నిలబడుతుంది. మందు పెట్టేవాడి పని అదే, ముందు నమ్మించడం. మా అమ్మమ్మ చంటిపిల్లలు ఏడుపు ఆపకపోతే ఆవగింజంత నల్లమందు పాలల్లో రంగరించి పోసేవారట. అది మందే అని ఆవిడ నమ్మకం. చెడ్డమాటగా ఎప్పుడూ అనలేదు.

పాతపేజీ:
అసలు మందుల మీద నమ్మకం ఆ యుద్ధంలో రెండు వైపులా ఉంది. గ్వాంగ్‌జౌకు 1839 మార్చిలో చక్రవర్తి పంపిన అధికారి లిన్ జషూ విక్టోరియా రాణికి ఉత్తరం రాశాడు. మీ దేశంలో తాగనివ్వని సరుకు మా దేశానికి ఎలా పంపుతారు అని అడిగాడు. అందులోనే మా తేయాకు, మా రేవల్చిన్ని లేకపోతే మీవాళ్ళు బతకలేరని కూడా రాశాడు. రేవల్చిన్ని అంటే విరేచనాలు అవడానికి ఇచ్చే మందు, మన పాత వైద్యులకు బాగా తెలిసిన దినుసు. ఆ మాటలో చివర ఉన్న ‘చిన్ని’ చీనాయే. ఒక మందు ఇటు నుంచి అటు, ఇంకో మందు అటు నుంచి ఇటు. ఆయన ఉత్తరం రాణి దాకా చేరలేదు. జవాబుగా చేరినవి ఓడలు.

చార్మినార్ చాయ్:
ఆయనే కదా నల్లమందు పెట్టెలన్నీ కుప్పపోసి తగలబెట్టింది?

పాతపేజీ:
తగలబెట్టలేదండీ. ఈ మాట చాలామంది అంటారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఇంగ్లీషు అధికారి చార్లెస్ ఎలియట్ అప్పగించినవి 20,283 పెట్టెలు, వెయ్యి టన్నులకు పైనే సరుకు. కాలిస్తే కరిగి నేలలోకి ఇంకుతుంది, ఆ మట్టిని తవ్వుకుని మళ్ళీ తీసుకునేవాళ్ళు ఉంటారు. అందుకని హూమెన్ దగ్గర సముద్రం ఒడ్డున పెద్ద గుంటలు తవ్వించి, నీళ్ళు నింపి, ఉప్పు వేసి, ఉండలు పగలగొట్టి అందులో పోయించి, పైన సున్నం వేయించాడు. సున్నం ఉడుకుకు అంతా చితికి బురద అయ్యాక తూము తీసి సముద్రంలోకి వదిలారు. జూన్ 3న మొదలుపెడితే మూడు వారాలకు పైగా పట్టింది. మొదలుపెట్టే ముందు సముద్ర దేవతకు క్షమాపణ చెబుతూ ఆయన ప్రార్థన రాసుకున్నాడు, ఈ మురికి నీలోకి వదులుతున్నాను, నీ జీవాలను కొన్నాళ్ళు దూరంగా పొమ్మని చెప్పు అని. చేపలను తలుచుకున్న ఆ మనిషిని మరుసటి ఏడాదే పదవి నుంచి తీసేసి, తరవాత దూరాన పడమటి సరిహద్దులోని ఇలీకి పంపేశారు.

చార్మినార్ చాయ్:
ఇన్నేళ్ళూ కాల్చాడనే అనుకున్నా. ఆ ప్రార్థన సంగతి ఇప్పుడే వింటున్నా. ఒకటి అడగొచ్చా, తేయాకు మాట వచ్చింది కాబట్టి. మేం చాయ్ అంటాం, గోదారి వాళ్ళు టీ అంటారు. రెండూ చైనా మాటలే కదా?

హాంకాంగ్ తెలుగు:
రెండూ అవే. ఫూజియన్ తీరంలో దాన్ని తే అంటారు, అది డచ్చివాళ్ళ ఓడలెక్కి యూరప్ చేరి టీ అయింది. మిగతా చైనా అంతా ఛా. అది పర్షియా మీదుగా నేల దారిన వచ్చి చాయ్ అయింది. మన తేయాకు, తేనీరు ఓడ దారివి. మీ చాయ్ ఒంటెల దారిది.

చార్మినార్ చాయ్:
దిల్ ఖుష్ అయింది అన్నా.

అరసున్న:
తేనీరు అంటే గుర్తొచ్చింది. మత్తుపదార్థం మీద మనకు నిలిచిన పద్యం అంటే ‘ఖగపతి’యే. అందులో కూడా చూడండి, గరుత్మంతుడు తెస్తున్న అమృతం నుంచి ఒలికిన చుక్క పొగచెట్టయింది. అంటే పొగాకు అమృతాంశ, మందుకు పరమావధి. గురజాడవారు గిరీశం నోట పెట్టేసరికి ఆ పద్యం అందరికీ గిరీశానిదిగానే గుర్తు. అక్కడ కూడా ‘పొగచెట్టయి’యా ‘పొగచెట్టై’యా అని ఇదే చోట రెండేళ్ళ కిందట మనం మూడు రోజులు వాదించుకున్నాం.

వసారా:
‘పొగచెట్టయి’. కందం మాస్టారూ, ‘చెట్టై’ అంటే మాత్ర తగ్గిపోతుంది. అప్పుడే తేల్చాం.

అరసున్న:
తేల్చింది మీరు. ఆ పూట నేను ఊళ్ళో లేను. కానీ చెట్టయిలో మూడు లఘుగురువులు లెక్కపెడితే నాలుగు మాత్రలు, చెట్టైలోనూ గురువులు రెండూ కలిసి నాలుగే. మాత్ర తగ్గదమ్మా. జన్మించెనుకు ముందు ఏది వినసొంపు అన్నదే ప్రశ్న, నాకు మాత్రం ‘యి’ దగ్గర నాలుక చిన్న మెట్టు దిగినట్టు బాగుంటుంది.

వసారా:
లెక్క ఒప్పుకున్నాను. పాఠం మాత్రం ‘అయి’.

చిచ్చుబుడ్డి:
గురజాడ గారు మొదలైతే ఇక మన పాదం ఎవరికీ కనపడదు. వెనక్కి రండి. ఇంకో సంగతి దొరికింది. సూరేకారం. తాతయ్యగారు అరుగు మీద కలిపిన దాంట్లో ముప్పాతిక వంతు అదే ఉంటుంది. కంపెనీ ఇంగ్లండుకు మోసిన సూరేకారం ఎక్కడిది? బీహార్‌ది. పాట్నాలో పోగేసి గంగ మీద పడవల్లో కలకత్తాకు దింపేవాళ్ళు. నల్లమందు గోదాము ఎక్కడ? పాట్నాలోనే, గుల్జార్‌బాగ్‌లో. ఇంకొకటి గాజీపూర్‌లో. రెండు మందులూ ఒకే ఊరి నుంచి ఒకే నది మీద దిగాయి. ‘ఆ మందు’ అంటే అదే ఊరి మందు అని కూడా అవుతుంది.

పాతపేజీ:
దీనికి మాత్రం మీకు దణ్ణం పెట్టాలి. రెండూ విడివిడిగా చదివాను, పక్కపక్కన పెట్టి ఎప్పుడూ చూసుకోలేదు.

పత్తిచేను:
అలాగైతే నేను అసలు చెప్పాలనుకున్నది చెప్పేస్తాను. వచ్చెన్ + ఆ కాదు, వచ్చెన్ + ఏ కూడా కాదు. వచ్చె, నా. నా మందుతోడ. నాది. గసాలు పండించిన బీహారు రైతు గొంతు అది. కంపెనీ ముందే అడ్వాన్సు చేతిలో పెట్టేది, ధర తనే కట్టేది, పాలన్నీ తనకే తెచ్చి పొయ్యాలనేది. కాయకు మధ్యాహ్నం గాట్లు పెట్టి, రాత్రంతా కారిన పాలు పొద్దున్నే గీకి తీసేది ఇంటిల్లిపాదీ. తీసినప్పుడు తెల్లగా ఉండేది గాలికి ఆరి నల్లబడుతుంది. అది చైనాకు పోయి ఏం చేసిందో ఆ రైతుకు ఎవరూ చెప్పలేదు. వాడు నన్ను నమ్మించి, నా మందు తీసుకుని, ఇంకెవరికో అమ్మడానికి వచ్చాడు అని ఆ రైతు అంటున్నట్టు నాకు వినిపిస్తోంది. చేతిలో పంట ఉండి ధర చేతిలో లేనివాడికి ఆ ‘నా’ ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు.

గోదారి గట్టు:
పత్తిచేను గారూ, ఇన్నేళ్ళలో ఆ ‘నా’ను అలా విడదియ్యొచ్చని నాకు తట్టనే లేదు. ఒళ్ళు జలదరించింది.

అరసున్న:
చాలా గొప్ప ఊహ, మనసును పట్టుకుంది. అయినా ఒక అభ్యంతరం చెప్పక తప్పదు. బీహారు రైతు ఇక్కడ నిలబడి మాట్లాడుతుంటే తెల్లవాడు అక్కడికి పోవాలి గానీ రాకూడదు. ‘వచ్చె’ అన్నవాడు చైనా ఒడ్డున నిలబడి ఉన్నాడు. ‘మందు నమ్మఁగ పోయె నా మందుతోడ’ అంటే మీ అర్థానికి తిరుగు లేదు. పోయె, వచ్చె రెండూ ఒకే కొలత. అమ్మా గోదారి గట్టూ, వచ్చె అన్నది గట్టిగా గుర్తుందా, పోయె అయ్యే అవకాశం ఏమైనా ఉందా?

గోదారి గట్టు:
వచ్చె అనే అనుకుంటున్నాను మాస్టారూ. మీరు అడిగాక పోయె కూడా ఆయన గొంతులోనే వినిపిస్తోంది. ఇక నా జ్ఞాపకాన్ని నమ్మకండి.

పాతపేజీ:
‘నా’ అంటే నాది అనుకుంటే, చైనా ఒడ్డున నిలబడే ఆ మాట అనగలిగినవాళ్ళు ఇంకొకళ్ళు ఉన్నారు. మనవాళ్ళే. ఆ యుద్ధంలో మద్రాసు సైన్యం ఉంది. 1841 మే నెలాఖరున గ్వాంగ్‌జౌ పక్కన సాన్‌యువాన్‌లీ దగ్గర ఊళ్ళ జనం ఈటెలు, కర్రలు పట్టుకుని వేల కొద్దీ తిరగబడ్డారు. సరిగ్గా అప్పుడే కుండపోతగా వాన. 37వ మద్రాసు నేటివ్ ఇన్‌ఫాంట్రీలోని ఒక దళం దారి తప్పి వరిచేల మధ్య చిక్కుకుంది. వాళ్ళ చేతిలో ఉన్నవి పాత చెకుముకి తుపాకులు, మందు తడిసి ఒక్కటి కూడా పేలలేదు. చతురస్రంగా కూడి బాయినెట్లతో నిలబడ్డారు. చివరకు కొత్త రకం తుపాకులున్న మెరైన్లు వెతుక్కుంటూ వచ్చి విడిపించారు. మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ళు ఎంతమంది ఉండేవారంటే, ఉత్తరాదిన సిపాయికి తిలంగా అనే పేరే స్థిరపడిపోయింది. అంటే ఆ తడిసిన మందు చేతిలో పట్టుకున్నవాళ్ళలో మన భాష మాట్లాడినవాళ్ళు ఉండే ఉంటారు. వాళ్ళ నోట ‘వచ్చె’ సరిపోతుంది, ‘నా మందు’ కూడా సరిపోతుంది.

చిచ్చుబుడ్డి:
తడిసిన మందు... దీపావళికి వాన పడితే చిచ్చుబుడ్లు పేలక తాతలు ఏమేం కథలు చెప్పేవారో.

గోదారి గట్టు:
వాన పడిన దీపావళి ఒకటి బాగా గుర్తుంది. ఆ రోజు ఆయన ఏం చదివారో మాత్రం గుర్తు లేదు.

వసారా:
నేనొక పాదం కట్టాను, తాతగారిదని కాదు, ఖాళీగా ఉన్న చోటు చూడలేక. దీని ముందు పాదంగా ఎలా ఉంటుందో చెప్పండి:

ఓడలెక్కిన తెల్లవాఁ డొక్కరుండు
మందు నమ్మఁగ వచ్చె నా మందుతోడ

అరసున్న:
యతి ఓకారానికి ‘డొ’లోని ఒకారం, కుదిరింది. బాగుంది అమ్మా.

పాతపేజీ:
పద్యం బాగుంది. ‘ఒక్కరుండు’ మాత్రం ఒప్పుకోలేను. ఒక్కడు చేసిన పని కాదు అది. గుత్తం పట్టిన కంపెనీ, వేలం పాడిన వర్తకులు, అప్పిచ్చిన బ్యాంకులు, పార్లమెంటు. 1840 ఏప్రిల్‌లో ఈ యుద్ధం మీద ఓటింగు పెడితే ప్రభుత్వం గట్టెక్కింది 271కి 262 తేడాతో. తొమ్మిది ఓట్లు. 1842 ఆగస్టు 29న నాన్‌జింగ్ సంధి మీద సంతకాలు పడ్డాయి. హాంకాంగ్ పోయింది, అయిదు రేవులు తెరిచారు, 2 కోట్ల 10 లక్షల వెండి డాలర్ల పరిహారం, అందులో 60 లక్షలు లిన్ నీళ్ళలో కలిపిన సరుకు ఖరీదు. ఇంతా చేసి నల్లమందు అమ్ముకోవచ్చని ఆ సంధిలో ఒక్క షరతు లేదు. దాని అమ్మకం పేరెత్తకుండానే పని జరిపించుకున్నారు. అందుకే నాకు పద్యంలో ఊరికే ‘మందు’ అనడం నచ్చింది.

వసారా:
‘తెల్లవా రొక్కటైరి’ అంటే? అప్పుడు కింద ‘వచ్చె’ కుదరదు. సరే, మళ్ళీ చూస్తాను.

చార్మినార్ చాయ్:
చీనా అని మొదలుపెట్టి చూడండి అక్కా. శ్రీశ్రీ కూడా ‘చీనాలో రిక్షావాలా’ అన్నాడు గద, చైనా అనలేదు. ఆ ‘చీ’లో ఉన్న దీర్ఘం నాకు ఇష్టం.

హాంకాంగ్ తెలుగు:
చీనాంబరం, చీనీ చక్కెర, రెండూ ‘చీ’లే. ‘చై’ ఇంగ్లీషు ఉచ్చారణ వెంట వచ్చిన మాట. ఆ యుద్ధం గురించి తెలుగులో రాసేటప్పుడు నేను చీనా అనే రాస్తాను.

అరసున్న:
శ్రీశ్రీకి అక్కడ దీర్ఘం నడక కోసం కూడా కావాలి. ‘చైనాలో’ అన్నా మాత్రలు అవే, కానీ ‘చీ’తో ఆ పాదం ముందుకు తోసినట్టు ఉంటుంది. ఆయన చెవి వేరు. దీని మీద విడిగా ఒక చర్చ పెట్టాలి, నేను రాత్రికి రాస్తాను.

గోదారి గట్టు:
అందరికీ ఒక సంగతి. పొద్దున తునిలో ఉన్న పెద్ద పిన్నికి ఫోన్ చేశాను. ఎనభై రెండేళ్ళు ఆవిడకు. పద్యం మొత్తం గుర్తు లేదన్నారు, కానీ ఈ పాదం అడగగానే వెంటనే అందుకుని చదివారు. ఆవిడ చదివింది ‘నా’ కాదు, ‘నే’ కాదు. ‘మందు నమ్మఁగ వచ్చె నీ మందుతోడ’ అన్నారు.

చిచ్చుబుడ్డి:
వచ్చెన్ + ఈ! చేతిలో ఉన్న ఈ మందు! నేను మొదట్నుంచీ చెబుతున్నది ఇదే!

పత్తిచేను:
లేకపోతే నీ మందు. రైతుతో తెల్లవాడి గురించి ఇంకెవరో చెబుతున్నారు, నీ మందు తీసుకునే వచ్చాడు అని.

అరసున్న:
తొందరపడకండి. అమ్మా, ఆవిడకు ఇంకోసారి ఫోన్ చెయ్యగలరా? వచ్చెనీ అని కలిపి చదివారా, వచ్చె దగ్గర ఆగి నీ అన్నారా, అది వినాలి. వీలైతే రికార్డు చెయ్యండి.

గోదారి గట్టు:
మధ్యాహ్నం పడుకుంటారు మాస్టారూ. సాయంత్రం లేచాక చేస్తాను.